సంఖ్యాప్రహేళికలు - ఏకార్థనిర్ణయము

పాలమూరు సీమయందలి గద్వాల, వనపర్తి, జటప్రోలు సంస్థానములు పండితపోషణమునకు బ్రసిద్ధికెక్కినవి. అందు గద్వాలకు "విద్వద్గద్వాల" యను పేరే కలిగెను. జటప్రోలు సంస్థానపు భూమి నేడు నాగర్‌కర్నూలు జిల్లాలో జేరియున్నది. 1948వ సంవత్సరమున హైదరాబాదు రాజ్యము భారతదేశమున విలీనమైన పిదప నా సంస్థానములు చరిత్రశేషములయ్యెను. 2016లో గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడును వేర్వేఱు జిల్లాలకు ముఖ్యస్థానములయ్యెను. రాజ్యములు గతించినను వాని సభలయందు వర్ధిల్లిన విద్యలు గతింపలేదు. అట్టి విద్యలలో సంఖ్యాప్రహేళికాపరిష్కార మొకటి. దానిని వినోదమాత్రముగ నెంచువారు పెక్కుమంది. శాస్త్రముగ బరిశీలించువారు కొలదిమంది.

ఇచ్చట నొక భేదమును మొదటనే గుర్తింపవలయును. తిరుపతి వేంకటకవులు గద్వాల మొదలగు సంస్థానములను దర్శించి యవధానవిద్యను వ్యాపింపజేసిరి. అవధానమున ఘంటాగణనము, పుష్పగణనము అనునవి సంఖ్యావిషయములే. మ్రోగిన గంటలెన్ని, వీపుపై బడిన పూవులెన్ని యని లెక్క మఱవకుండుట యందలి పని. అది ధారణాశక్తికి బరీక్ష. సంఖ్యాప్రహేళిక యట్టిది గాదు. అందు సంఖ్య చెప్పబడదు. దాని యానవాళ్లు మాత్రమే చెప్పబడును. ఆ యానవాళ్లను గూర్చి, పొసగనివానిని ద్రోసి, పొసగినదానిని నిలుపుట యూహాశక్తికి బరీక్ష. మొదటిదానిలో బొరపాటు మఱపువలన గలుగును. రెండవదానిలో దొందరపాటువలన గలుగును. ధారణకు మెచ్చిన సభ యూహను గూడ నదే కొలతతో మెచ్చుటచే నీ విద్యకు గొంత హాని కలిగినది.

ఆలంకారికుల మతము

ప్రహేళికపై నాలంకారికులకు మిక్కిలి గౌరవము లేదు. సాహిత్యదర్పణకారుడు విశ్వనాథుడు రసమునకు విరోధియగుటచే దాని నలంకారముగనే యంగీకరింపలేదు. అంతకు బూర్వుడైన దండి మాత్రము కావ్యాదర్శపు మూడవ పరిచ్ఛేదమున బదునాఱు విధముల ప్రహేళికలకు లక్షణములు చెప్పి, గోష్ఠీవినోదమునకును, జనుల నడుమ రహస్యముగ మాటలాడుటకును, పరులను వ్యామోహపెట్టుటకును అవి యుపయోగించునని ప్రయోజనమును గూడ నిరూపించెను. ఆ పదునాఱింటిలో "సంఖ్యాత" యనునది యొకటి. లెక్కయే వ్యామోహమునకు గారణమగు ప్రహేళిక సంఖ్యాత.

దీనికి దండి యిచ్చిన యుదాహరణము పండితులెఱిగినదే. ఒక పురము కలదు. దాని పేరి నడుమ ననునాసికము, చుట్టును నాలుగు వర్ణములు. అందలి రాజుల పేరు ఎనిమిది వర్ణములు గలది. ఇదియే ప్రశ్న. పురము కాంచి యనియు, రాజులు పల్లవులనియు సంప్రదాయసమాధానము. అక్షరములను దెలుగు బడిలో లెక్కించునట్లు లెక్కించిన బాలుడు "కాంచీ" యనిన రెండే యక్షరములు గదా యని నిలిచిపోవును. వైయాకరణుడు వర్ణములను విడదీయును. కకారము, ఆకారము, ఞకారము, చకారము, ఈకారము: నడుమ ఞకారము, ఇరువైపుల రెండేసి వర్ణములు. "పల్లవాః" అనుచోట పకారము, అకారము, లకారద్వయము, అకారము, వకారము, ఆకారము, విసర్గము: ఎనిమిది. దేనిని లెక్కింపవలయునో తెలియుటయే యిచ్చట పరిష్కారమునకు మూలము. అంతియగాదు. అయిదు వర్ణముల పురనామములు పెక్కులుండవచ్చును. ఎనిమిది వర్ణముల రాజవంశనామములును బెక్కులుండవచ్చును. ఆ పురము నా రాజులే యేలవలయుననెడి మూడవ నియమము రెండింటిని ముడివైచుచున్నది. ఆ ముడియే ప్రహేళికకు బ్రాణము.

లక్షణదోషములు

సంఖ్యాప్రహేళిక యొక సంఖ్యకు లక్షణము. కావున శాస్త్రమున లక్షణమునకు జెప్పబడిన దోషములే దీనికిని వర్తించును. లక్ష్యమున కొంతభాగమును విడుచుట యవ్యాప్తి. లక్ష్యము గానిదానిని గూడ దాకుట యతివ్యాప్తి. ఎచ్చటను బొసగకుండుట యసంభవము. ప్రహేళికయందు సాధ్యము ఒక్కటియే గావున నవ్యాప్తి యసంభవమునందే యడగిపోవును. మిగిలినవి రెండు. ఆనవాళ్లన్నియు గూడినను రెండు సంఖ్యలు నిలిచినచో నతివ్యాప్తి. ఒక్కటియు నిలువనిచో నసంభవము. వీనికి వైయాకరణులు మఱియొకదానిని జేర్తురు. ఒక యానవాలును దీసివేసినను సమాధానము చెడనిచో నా యానవాలు వ్యర్థము, అది గౌరవదోషము. అర్ధమాత్ర తగ్గినను సంతోషించు సంప్రదాయమువారికి నీ దోషము వెంటనే కంటబడును.

బడిపిల్లలకు జెప్పదగిన యుదాహరణము నొకదానిని గైకొని యీ మూడింటిని బరీక్షింపవచ్చును. గద్వాల ప్రాంతమున జన్మించిన సురవరము ప్రతాపరెడ్డి 1934లో బ్రకటించిన గోలకొండ కవుల సంచికయందు జేరిన కవులెందఱు? ఆనవాళ్లివి: సంఖ్యలో మూడంకెలు కలవు, ఆ మూడును క్రమము దప్పినను వరుస సంఖ్యలు, వాని మొత్తము 12, దశస్థానమందలిది యన్నింటికంటె బెద్దది, శతస్థానమందలిది యన్నింటికంటె జిన్నది.

వరుసగ నుండు మూడు సంఖ్యల మొత్తము నడిమిదానికి మూడు రెట్లు. కావున నడిమిది 4. తక్కినవి 3, 5. దశస్థానము 5, శతస్థానము 3. మిగిలినది 4 గావున నేకస్థానము. సమాధానము 354. ఇందు బరీక్ష చేయనక్కఱలేదు; ఒక్కొక్క యానవాలు ఒక్కొక్క తలుపును మూయుచు దుదకొక్కదానినే తెఱచియుంచినది.

ఇందు గడపటి యానవాలును దీసివేసిన 354, 453 రెండును నిలుచును, అతివ్యాప్తి. దానికి బదులు "సంఖ్య సమము" అని చెప్పినచో మరల 354 ఒక్కటియే. రెండును జెప్పినచో నొకటి వ్యర్థము. మొత్తము 12 అనుటకు 13 అనినచో, మూడు వరుస సంఖ్యల మొత్తము 3చే నిశ్శేషముగ భాగింపబడవలయును గావున నెట్టి సంఖ్యయు లేదు, అసంభవము. ఒక్క ప్రశ్నను నీ విధముగ నాలుగు రూపుల మార్చి చూపిన పిల్లవానికి బది ప్రశ్నల సమాధానములు వల్లించినదానికంటె నెక్కువ తెలియును.

గణితమును బద్యములందు జెప్పు నాచారము తెలుగున బ్రాచీనమే. పావులూరి మల్లన తన సారసంగ్రహగణితమును మహావీరాచార్యుని సంస్కృతగ్రంథము ననుసరించి రచించెను. మహావీరుడు క్రీస్తుశకము 9వ శతాబ్దమున రాష్ట్రకూటరాజైన యమోఘవర్షుని కాలమువాడు; ఆతని గణితసారసంగ్రహమును రంగాచార్యులు 1912లో మదరాసున నచ్చువేయించిరి. ఎటుచూచినను నొక్కతీరుగ నుండు గుణలబ్ధములను మహావీరుడు కంఠాభరణములతో బోల్చెను. 139ని 109చే గుణింప 15151. 152207ను 73చే గుణింప నెనిమిది యొకట్లు, అనగా 11111111. రెండును గన్నులకు సమానముగనే సొంపైనవి. వీనిని బ్రహేళికలుగ ద్రిప్పినచో భేదము బయల్పడును. "ఏ రెండు సంఖ్యల గుణలబ్ధము 15151? ఒకటి పనికిరాదు" అని యడిగిన సమాధానము ఒక్కటియే, ఏలయన 139, 109 అనునవి రెండును విడదీయరాని సంఖ్యలు. "ఏ రెండు సంఖ్యల గుణలబ్ధము 11111111?" అని యడిగినచో 73, 152207 అనవచ్చును; 137, 81103 అనవచ్చును; 101, 110011 అనవచ్చును; 11, 1010101 అనవచ్చును; ఇంకను గలవు. మొదటిది ప్రహేళిక, రెండవది ప్రహేళికాభాసము. సొంపు సమాధానమున నున్నంతమాత్రమున బ్రశ్న నిర్దుష్టము గానేరదు.

భూతసంఖ్యలు

అంకెలకు బదులు వస్తువుల పేళ్లను వాడుట భూతసంఖ్యాపద్ధతి. భూమి యొకటి, నేత్రములు రెండు, బాణములు అయిదు, ఆకాశము శూన్యము. చెప్పిన వరుసకు విపరీతముగ, ఏకస్థానము మొదలుకొని యెడమవైపునకు వ్రాసికొనుచు బోవలయును. శాసనములందును వ్రాతప్రతుల తుదియందును గాలమును దెలుపుట కీ పద్ధతి మిక్కిలిగ వాడబడినది. కావున నొక పద్యమునందలి శకవర్షమును జదువుట యనిన నొక సంఖ్యాప్రహేళికను విప్పుటయే. ఇచ్చట బొరపాటు సభలో నవ్వుతో బోవునది గాదు. కవి కాలమును, రాజు కాలమును దాఱుమాఱు చేయునది.

చిక్కంతయు బదముల నానార్థతయందున్నది. రసములు మధురాదులైన నాఱు, శృంగారాదులైన దొమ్మిది. సముద్రములు దిక్కులనుబట్టి నాలుగు, పురాణములనుబట్టి యేడు. లోకములు మూడు, ఏడు, పదునాలుగు. నానార్థపదములందు నేయర్థము గ్రాహ్యమో నిర్ణయించు హేతువులను భర్తృహరి వాక్యపదీయమున బరిగణించెను. సంయోగము, సాహచర్యము, విరోధము, ప్రకరణము, లింగము, శబ్దాంతరసన్నిధి, సామర్థ్యము, దేశము, కాలము అనునవి వానిలోనివి. శంఖచక్రములతో గూడిన హరి యనిన విష్ణువే కాని కోతి గాదను నిర్ణయము సంయోగమువలన గలిగినది. ఈ హేతువులను గావ్యవ్యాఖ్యానమున వాడు పండితులు సంఖ్యల యెడ మఱతురు. నిఘంటువున మొదట గనబడిన సంఖ్యను గైకొని తృప్తిపడుదురు.

విశదముకొఱకు గల్పితమైన యుదాహరణము నొకదానిని దీసికొందురు గాక. గద్వాలకోటలో వ్రాయబడిన గ్రంథమొకటి శాలివాహనశకమున "లోక, రస, సముద్ర, భూమి" సంఖ్యగల వర్షమున, ప్లవ సంవత్సరమున ముగిసెనని వ్రాతప్రతి తుదిని గలదనుకొనవలెను. ఇది యే శకవర్షము?

మొదట బదముల క్రమము. యథాక్రమముగ జదివినచో లోకము సహస్రస్థానమున బడి సంఖ్య 3641కి దక్కువ గానేరదు. శాలివాహనశకమున నంతటి వర్షమింకను రాలేదు. విరోధముచే నా పాఠము త్యాజ్యము. శాలివాహన శబ్దము లేక కలివర్షమనుకొన్నచో 3641 క్రీస్తుశకము 6వ శతాబ్దమున బడి భ్రమకు దావిచ్చెడిది. కావున శబ్దాంతరసన్నిధి యొక తలుపును మూసినది. విపరీతక్రమము స్థిరము.

రెండవది సామర్థ్యము. ఒక్కొక్క పదము ఒక్కొక్క స్థానమును నింపవలయును. పదునాలుగు రెండంకెల సంఖ్య గావున లోకమున కా యర్థము పొసగదు. మిగిలినవి లోకమునకు 3, 7, రసమునకు 6, 9, సముద్రమునకు 4, 7, భూమికి 1. రెండేసి వికల్పములు మూడు గావున బక్షములు ఎనిమిది: 1463, 1467, 1493, 1497, 1763, 1767, 1793, 1797.

మూడవది సంవత్సరనామము. దక్షిణదేశపు లెక్కలో గతశకవర్షమునకు 12 కలిపి 60చే భాగింప వచ్చు శేషమే ప్రభవాదుల క్రమసంఖ్య. శేషము లేనిచో నక్షయ. ప్లవ 35వది. 1463కు 12 కలుప 1475, శేషము 35. ఇది ప్లవ. 1467కు శేషము 39, విశ్వావసు. 1493కు 5, ప్రజోత్పత్తి. 1497కు 9, యువ. ఇంతవఱకు లెక్కించి "1463 నిశ్చితము" అని పుస్తకమును మూయువారే యెక్కువ. రసము ఆఱు, సముద్రము నాలుగు, లోకము మూడు: ఇవియే జ్యోతిషమున విరివిగ వాడబడు సంఖ్యలగుటచే వారికి సందేహమును గలుగదు.

కాని 1763ను బరీక్షించినచో 12 కలుప 1775. శేషము మరల 35. అదియు బ్లవయే. ఏల? సముద్రమునకు నాలుగనుటకును, ఏడనుటకును గల యంతరము శతస్థానమున మూడు, అనగా 300. మున్నూఱు అఱువదికి సరిగ నైదు రెట్లు. కావున సంవత్సరనామము లోకరసములను నిర్ణయించుటకు సమర్థమైనను సముద్రవిషయమున బూర్తిగ నసమర్థము. ఇది యీ ప్రహేళికయందు మాత్రమే కలిగిన యాకస్మికము గాదు. సముద్రపదము శతస్థానమున నున్న ప్రతిచోటను దప్పక కలుగు చిక్కు. అదియే దశస్థానమున నున్నచో నంతరము 30 గావున సంవత్సరనామము చాలును. పదమొక్కటియే, స్థానమునుబట్టి యొకచోట సుబోధము, వేఱొకచోట దుర్బోధము.

ఇక మిగిలినవి దేశకాలములు. శకవర్షము 1463 అనగా క్రీస్తుశకము 1541. గద్వాలకోటను గట్టించినవాడు పెద సోమభూపాలుడు. అతడు దానికి నూఱేండ్లకు బైని దరువాతివాడు. లేని కోటలో గ్రంథము పూర్తియగుట యెట్లు? కావున 1763, అనగా క్రీస్తుశకము 1841-42, పరిశేషముచే నిలుచును. నిఘంటువును మాత్రము నమ్మినవాడు మున్నూఱేండ్లు వెనుకకు బోయినాడు. సంవత్సరనామమును నమ్మినవాడును నదే గోతిలో బడినాడు. "గద్వాలకోట" యను రెండు మాటలను బ్రహేళికలో భాగముగ జూచినవాడు మాత్రము గట్టునకు జేరినాడు.

ఆ రెండు మాటలు లేకున్నచో నేమి చేయవలయును? వారతిథులు చెప్పబడియున్న బంచాంగగణితముచే రెండు వర్షములను వేర్వేఱుగ బరీక్షింపవలయును. అవియు లేనిచో రెండు సంఖ్యలను జెప్పి యాగవలయును. అట్లాగుట యోటమి గాదు. ప్రశ్నలో లేని నిశ్చయమును సమాధానమున జూపుట పాండిత్యము గానేరదు.

ప్లవకు బదులు శార్వరి యని యున్నచో వేఱొక విశేషము. పై యెనిమిది పక్షములలో దేనికిని శార్వరి లెక్క కుదురదు గావున మొదటి చూపున కసంభవము. అంతమాత్రముచే బాఠమును దిద్దరాదు. శకవర్షమును గతముగ గాక వర్తమానముగ జెప్పినచో నొక్కయేడు తగ్గును. అప్పుడు 1463, 1763 రెండును శార్వరియే యగును. పద్యమును దప్పుపట్టుటకు ముందు కవి యే లెక్కను బాటించెనో యరయవలయును. ఈ పరీక్షలన్నియు దప్పినపుడే లేఖకప్రమాదమును శంకింపదగును.

జటప్రోలు సంస్థానమున గౌరవమందిన యెలకూచి బాలసరస్వతి రాఘవయాదవపాండవీయమును రచించెను. అందొక్క పద్యము రాముని కథకును, కృష్ణుని కథకును, పాండవుల కథకును సరిపోవును. అచ్చట మూడర్థములు నిలుచుట కవి యుద్దేశము. ఒక్కటి జాఱినను గావ్యము చెడును. సంఖ్యాప్రహేళికయందు దీనికి విపరీతము. అచ్చట నొక్కటియే నిలువవలయును. రెండు నిలిచిన జెడును. శ్లేషకావ్యమున నానార్థత భూషణము. కాలసూచకపద్యమున నది దూషణము. వ్యాఖ్యాత యిరుచోట్లను నదే శబ్దశాస్త్రముతో బనిచేయును. పని మాత్రము వేఱు. శ్లేషను విప్పి మెప్పుపొందిన విద్వాంసుడు కాలపద్యమున దడబడుట కిదియే హేతువు. ఆతడు పదమున కెన్ని యర్థములు గలవో చూచును. ఎన్ని తొలగునో చూడడు.

కటపయాది

మూడవ పద్ధతి కటపయాది. కకారమునుండి ఝకారమువఱకు, టకారమునుండి ధకారమువఱకు ఒకటి మొదలు తొమ్మిది. పకారమునుండి మకారమువఱకు ఒకటి మొదలు అయిదు. యకారమునుండి హకారమువఱకు ఒకటి మొదలు ఎనిమిది. ఞకార నకారములు శూన్యములు. సంయుక్తాక్షరమున దుది హల్లునే గణింపవలయునని సామాన్యనియమము.

వేంకటమఖి చతుర్దండిప్రకాశికయందు 72 మేళములను బ్రతిపాదించెను. తరువాత వానికి గల్గిన కనకాంగ్యాది నామములందు మొదటి రెండక్షరములు మేళసంఖ్యను దెలుపును. ధీరశంకరాభరణమున ధకారము 9, రకారము 2, విపరీతక్రమమున 29. మేచకల్యాణి 65. మాయామాళవగౌళ 15. ఇవి సుగమములు. సంయుక్తాక్షరములవద్ద మాత్రము వివాదము కలుగుచున్నది. సూర్యకాంతమున "ర్య" యందలి తుది హల్లు యకారము గణింప 17, ఇది సరి. చక్రవాకమున "క్ర" యందలి రకారము గణింప 26 రావలయును; కాని చక్రవాకము 16వ మేళము. ఇచ్చట మొదటి హల్లు కకారమే గణింపబడినది. నియమము చెడినదని కొందఱు, పేళ్లు తప్పులని కొందఱు, గురుముఖమున నేర్చుకొనవలసినదేగాని యడుగరాదని కొందఱు ననుట కలదు.

అడుగదగినదే. అడిగినచో యుక్తియు దొరకును. సందిగ్ధములను విడిచి నిశ్చితములతో మొదలిడవలయును. చారుకేశి యందు సంయుక్తాక్షరము లేదు; దాని సంఖ్య 26 అనుట నిర్వివాదము. సామాన్యనియమమును బట్టి చక్రవాకమును 26, చిత్రాంబరియు 26 అగును. ఒక్క గదిలో మూడు రాగములుండి 16, 66 గదులు శూన్యములగును. కావున నా రెండింటను మొదటి హల్లే గ్రాహ్యము. దివ్యమణి కిదే తీరు: తుది హల్లుచే 18, అది హాటకాంబరి స్థానము, మొదటి హల్లుచే 48. విశ్వంభరికి దుది హల్లుచే 44; అది భావప్రియ స్థానము; మొదటి హల్లుచే 54. శ్యామలాంగికి దుది హల్లుచే 51. అది కామవర్ధని స్థానము. మొదటి హల్లుచే 55.

దీనికి బ్రతియుక్తిని గూడ బరీక్షింపవలయును. ఎల్లెడల మొదటి హల్లునే గణింతమనిన నేమి? అప్పుడు సూర్యకాంతము 27 అగును. అది సరసాంగి స్థానము. ధర్మవతి 29 అగును. అది శంకరాభరణ స్థానము. షడ్విధమార్గిణి 36 అగును. అది చలనాట స్థానము. కావున నే యొక్క నియమమును నన్నింటికి జాలదు. సింహేంద్రమధ్యమమున మొదటి రెండక్షరములలో హకారమును గణింప 87. మేళములు 72 మాత్రమే గావున నసంభవము. అనుస్వారమును మకారముగ గణింప 57. అదియే దాని స్థానము.

వైయాకరణుల భాషలో దుది హల్లు ననుసరించు నియమ ముత్సర్గము. ఆక్రమితస్థానవిరోధము గలిగినచోట మొదటి హల్లు నపవాదము. ఒక స్థానమున కొక్క రాగమే, ఒక రాగమున కొక్క స్థానమే యను నియమ మా యపవాదమునకు బ్రమాణము. ఈ మూడు వాక్యములు తెలిసిన విద్యార్థికి వల్లెవేయవలసిన యపవాదపట్టికతో బనిలేదు. పండితుడు "పెద్దలట్లు చెప్పిరి" యనుచోట బాలుడు "ఆ గది నిండియున్నది" యనును. రెండవ మాటయే శాస్త్రము.

ఉపసంహారము

పై మూడు పద్ధతులును బైకి వేర్వేఱుగ గనబడినను బరిష్కారమార్గ మొక్కటియే. దేనిని లెక్కింపవలయునో మొదట నిశ్చయించుట. సాధ్యములైన పక్షములనన్నింటిని నొకటి విడువక పరిగణించుట. నిశ్చితమునుండి సందిగ్ధమునకు నడచుట. ప్రతి యానవాలును దేనిని దొలగించుచున్నదో, దేనిని దొలగింపలేకున్నదో చూచుట. తుదకు నిలిచినది యొక్కటియే యగునో కాదో పరీక్షించుట. ఇందు రెండవ మెట్టును విడుచుటచేతనే తఱచు ప్రమాదము గలుగుచున్నది. మొదట దోచిన సంఖ్య యానవాళ్లకు సరిపోయినంతనే వేఱొకటియు సరిపోవునేమోయని చూడకుండుట మానవస్వభావము. సరిపోవుట యొకటి, అదియే సరిపోవుట వేఱొకటి. ఈ యేవకారమునందే శాస్త్రమంతయు గలదు.

ప్రహేళికను గల్పించువారికిని నిదే కొలత. పద్యము ధారాళముగ నున్నదా, పదములు రమ్యముగ నున్నవా యను విచారమునకు ముందు సాధ్యము ఏకమగునో కాదో తేల్చుకొనవలయును. రసవిరోధి యని విశ్వనాథుడు ప్రహేళికను ద్రోసిపుచ్చెను. రసము లేని యీ రచనకు నిశ్చయమే ఫలము. ఆ నిశ్చయమును గూడ నీయలేని ప్రహేళిక రసమునకును బనికిరాదు, శాస్త్రమునకును బనికిరాదు.

పాఠశాలలందలి పండితులకు నిది దూరపు విషయము గాదు. వ్యాకరణమున నుత్సర్గాపవాదములను, తర్కమున నతివ్యాప్త్యసంభవములను బోధించునపుడు వానికి లౌకికోదాహరణములు దొరకక బాలురు విసుగుదురు. సంఖ్యాప్రహేళిక యట్టి యుదాహరణములకు గని. దానిని విప్పిన బాలుని "సమాధానమేమి?" యని మాత్రమడిగి విడువక, "వేఱొకటి యేల కాదు?" అని యడుగవలయును. రెండవ ప్రశ్నకు బదులు చెప్పగలవాడే మొదటిదానిని నిజముగ నెఱిగినవాడు.

వనపర్తి రాజప్రాసాదమున 1959లో సాంకేతికవిద్యాలయము నెలకొనెను. పూర్వము సంస్థానాధీశులు నివసించిన కట్టడమున యంత్రములు, కొలతలు, లెక్కలు బోధింపబడినవి. సంస్థానకాలపు వ్రాతప్రతుల తుదిపద్యములను జదువుటకు శబ్దశాస్త్రమును వలయును, ఆ లెక్కయు వలయును. ఒకటి తెలిసి రెండవది తెలియనిచో సముద్రములు నాలుగో యేడో తేలదు. అది తేలనంతవఱకు గ్రంథము మున్నూఱేండ్ల నడుమ నూగులాడుచునే యుండును.